తొలి తాళపుచెవి

కొత్త ఇల్లు కట్టుకున్నవారు గృహప్రవేశం నాటికే తలుపులకు కొత్త తాళాలు సిద్ధం చేసుకుంటారు. కట్టుబడి జరిగినన్నాళ్ళూ మేస్త్రీలు, వడ్రంగులు, రంగులు వేసేవారు ఎందరో ఆ ఇంట్లోకి వచ్చిపోయి ఉంటారు. వారందరూ సజ్జనులే కావచ్చు. అయినా, ఎన్ని తాళపుచెవులు ఎవరెవరి చేతుల్లో ఉన్నాయో తెలియని తలుపు వెనుక నిశ్చింతగా నిద్రించడం సాధ్యం కాదు. ఇంటి విషయంలో ఇంత జాగ్రత్త వహించే మనమే, లక్షల రూపాయల లెక్కలను, వందలమంది జీతాల వివరాలను భద్రపరిచే కంప్యూటర్ల విషయంలో తరచుగా ఏమరుపాటుకు లోనవుతున్నాం. తయారుచేసినవారు ఇచ్చిన తొలి తాళపుచెవినే ఏళ్ళ తరబడి వాడుతున్నాం. దానిని ఎందుకు మార్చాలో, ఏ క్రమంలో మార్చాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

నిర్వాహకుని ఖాతా

నేడు వ్యాపార సంస్థలు సరకు నిల్వలు, బిల్లులు, జీతభత్యాలు, పన్నుల లెక్కలు అన్నింటినీ సాఫ్ట్‌వేర్ సహాయంతోనే నిర్వహిస్తున్నాయి. ఆ సాఫ్ట్‌వేర్‌లోకి ప్రవేశించే ప్రతివ్యక్తికీ ఒక ఖాతా ఉంటుంది. ఖాతాకు ఒక పేరు, ఒక పాస్‌వర్డ్ ఉంటాయి. గుమాస్తా ఖాతాతో బిల్లులు రాయవచ్చు. గిడ్డంగి ఉద్యోగి ఖాతాతో సరకు రాకపోకలను నమోదు చేయవచ్చు. ఎవరి పని ఎంతో వారి అధికారం అంత. అడ్మినిస్ట్రేటర్ అని వ్యవహరించే నిర్వాహకుని సంగతి వేరు. కొత్త ఖాతాలు తెరవడం, ఉన్నవాటిని మూసివేయడం, ఇతరుల పాస్‌వర్డ్‌లను మార్చడం, అన్ని వివరాలనూ చూడడం, అవసరమైతే చెరిపివేయడం అతని ఖాతాతో సాధ్యమవుతాయి. ఒక్క మాటలో చెప్పాలంటే, అది కోటలోని అన్ని ద్వారాలనూ తెరిచే తాళపుచెవి.

సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్‌లో తొలిసారి స్థాపించినప్పుడు అందులో ఎవరి ఖాతా ఉండదు. ఖాతాలు తెరవాలంటే ఎవరో ఒకరు ముందుగా లోపలికి వెళ్ళాలి. లోపలికి వెళ్ళాలంటే ఖాతా ఉండాలి. ఈ చిక్కుముడిని విప్పడానికి తయారీదారులే ఒక నిర్వాహక ఖాతాను ముందుగా సిద్ధపరిచి, దాని పేరును, పాస్‌వర్డ్‌ను కొనుగోలుదారుకు తెలియజేస్తూ వచ్చారు. ఈ ఏర్పాటులో తప్పు లేదు. కాని చాలా సందర్భాలలో ఆ పాస్‌వర్డ్ ఒక్కరికి ఇచ్చినది కాదు; ఆ సాఫ్ట్‌వేర్‌ను కొన్న ప్రతివారికీ అదే ఇచ్చారు. వాడుక పుస్తకాలలో అచ్చయింది కనుక అది రహస్యమే కాదు. ఒరాకిల్ సంస్థ డేటాబేస్ పాత సంస్కరణలలో ‘సిస్టమ్’ అనే నిర్వాహక ఖాతాకు ‘మేనేజర్’ అనేది తొలి పాస్‌వర్డ్. అదే డేటాబేస్‌లో అభ్యాసం కోసం ఇచ్చిన ‘స్కాట్’ ఖాతాకు పాస్‌వర్డ్ ‘టైగర్’. హైదరాబాదులోని అమీర్‌పేట శిక్షణ కేంద్రాలలో ఒరాకిల్ నేర్చుకున్నవారికి ఈ జంటపదాలు ఓనమాల వంటివి. అందరికీ తెలిసిన మాటతో తెరుచుకునే తలుపుకు తాళం ఉన్నా లేనట్లే.

చరిత్ర చెప్పిన పాఠాలు

ఈ నిర్లక్ష్యం కంప్యూటర్లతో మొదలైంది కాదు. అమెరికాలో తొలి అణుబాంబు రూపొందిన లాస్ ఆలమోస్‌లో రహస్య పత్రాలను దాచడానికి అంకెలతో తెరుచుకునే ఇనుప పెట్టెలు వాడేవారు. ప్రసిద్ధ భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ తన జ్ఞాపకాలలో ఒక సంగతి చెప్పాడు. యుద్ధం ముగిసిన తరువాత, అక్కడి ఒక అధికారి పెద్ద ఇనుప పెట్టెను తాళాలు బాగుచేసే ఉద్యోగి ఒకడు అవలీలగా తెరిచాడు. ఆ నేర్పు ఏమిటో తెలుసుకోవాలని ఫైన్‌మన్ అతనితో స్నేహం చేశాడు. తీరా చూస్తే అందులో నేర్పేమీ లేదు. కర్మాగారం నుంచి వచ్చేటప్పుడు ఆ తాళాలకు రెండు రకాల అంకెల వరుసలలో ఏదో ఒకటి అమర్చి ఉంటుంది. అతడు వాటిని ప్రయత్నించాడు, అంతే. ఆ పిదప ఫైన్‌మన్ ఆ వరుసలతో తన భవనంలోని గదులన్నీ తిరిగి చూస్తే, సుమారు ఐదింటిలో ఒక పెట్టె తెరుచుకుంది. ఇనుము ఎంత మందంగా ఉన్నా, అంకె మార్చని పెట్టె మట్టికుండతో సమానం.

కంప్యూటర్ల కాలంలోనూ ఇదే కథ పునరావృతమైంది. 1986లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో 75 సెంట్ల లెక్క తేడాను పరిశీలించబోయిన క్లిఫర్డ్ స్టోల్ అనే ఖగోళ శాస్త్రవేత్తకు ఒక చొరబాటుదారు జాడ చిక్కింది. ఆ వ్యక్తి పశ్చిమ జర్మనీ నుంచి అమెరికా సైనిక కంప్యూటర్లను వెతుకుతూ, వాటిలో కొన్నింటిని తయారీదారు ఇచ్చిన తొలి పాస్‌వర్డ్‌లతోనే తెరిచాడు. 2002 మే నెలలో ‘స్పైడా’ అనే వినాశక ప్రోగ్రాము మైక్రోసాఫ్ట్ డేటాబేస్‌లలోకి వ్యాపించింది. అది ఛేదించిన తాళం ఏదీ లేదు. ‘ఎస్‌ఏ’ అనే నిర్వాహక ఖాతాకు అసలు పాస్‌వర్డే పెట్టకుండా వదిలేసిన కంప్యూటర్లను అది వెతికి పట్టుకుంది.

2016లో ‘మిరాయ్’ అనే ప్రోగ్రాము సుమారు 60 తొలి పేర్లు, పాస్‌వర్డ్‌ల జాబితాతోనే ఇంటర్నెట్‌కు కలిపి ఉన్న లక్షలాది కెమెరాలు, రౌటర్లు మొదలైన పరికరాలను వశపరచుకుంది. అలా వశమైన పరికరాలతో ఆ ఏడాది అక్టోబరు 21న డిన్ అనే సంస్థపై జరిగిన దాడి వల్ల అమెరికాలో అనేక ప్రముఖ వెబ్‌సైట్లు గంటల తరబడి అందుబాటులో లేకుండా పోయాయి. మిరాయ్‌ను రూపొందించిన ముగ్గురు యువకులు 2017 డిసెంబరులో న్యాయస్థానం ఎదుట నేరం అంగీకరించారు. అప్పటికి వారి వయస్సు 20, 21 సంవత్సరాలే. ఆ నష్టానికి అసాధారణ మేధస్సు అవసరం కాలేదు; లోకుల అలసత్వమే వారికి చాలింది.

2023 నవంబరు 25న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం, అలిక్విపా పట్టణ నీటి సరఫరా సంస్థలో నీటి ఒత్తిడిని నియంత్రించే ఒక కేంద్రపు పరికరంలోకి దుండగులు చొరబడ్డారు. సిబ్బంది యంత్రాలను చేతితో నడుపుతూ సరఫరాకు అంతరాయం కలగకుండా చూసుకున్నారు. ఆ తరహా పరికరాలకు తయారీదారు ఇచ్చిన పాస్‌వర్డ్ కేవలం నాలుగు ఒకట్లు. దానిని మార్చకుండా, పరికరాన్ని నేరుగా ఇంటర్నెట్‌కు కలిపి ఉంచడం ఎంత ప్రమాదకరమో ఆ దేశపు భద్రతా సంస్థలు వెంటనే హెచ్చరించాయి. పట్టణ ప్రజలు తాగే నీటికి కూడా ఒక పాస్‌వర్డ్ కాపలాగా ఉందనే సత్యం అప్పుడు చాలామందికి తెలిసివచ్చింది.

పేరులేని అధికారం

తొలి ఖాతాతో మరొక చిక్కు ఉంది. దొంగలు రాకపోయినా అది ఉండనే ఉంటుంది. ఒక రైసు మిల్లును ఊహించుకుందాం. ధాన్యం తూకాలు, రైతులకు చెల్లింపులు, కూలీల వేతనాలు అన్నీ కంప్యూటర్‌లోనే ఉన్నాయి. ‘అడ్మిన్’ అనే ఒకే ఖాతాను యజమాని, అతని కుమారుడు, ఇద్దరు గుమాస్తాలు, సాఫ్ట్‌వేర్ బాగుచేసే వ్యక్తి – అయిదుగురూ వాడుతున్నారు. ఒకనాడు ఒక రైతు తూకం వివరాలు తారుమారైనట్లు బయటపడింది. ఎవరు మార్చారు? కంప్యూటర్ దినచర్యను తెరిచి చూస్తే ‘అడ్మిన్ మార్చాడు’ అని మాత్రమే ఉంది. ఆ పేరు వెనుక అయిదు ముఖాలున్నాయి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. దొంగ పట్టుబడకపోవడం ఒక నష్టమైతే, ఏ తప్పూ చేయని గుమాస్తా జీవితాంతం అనుమానపు నీడలో మిగిలిపోవడం అంతకంటె పెద్ద నష్టం.

అందరూ ఒకే ఖాతాను వాడినప్పుడు అధికారం అందరిదీ అవుతుంది. బాధ్యత ఎవరిదీ కాకుండా పోతుంది. ప్రతి నిర్వాహకునికీ తన పేరుతో వేరు ఖాతా ఉంటే, జరిగిన ప్రతి మార్పూ ఎవరి చేతిమీదుగా జరిగిందో నమోదవుతుంది. ఆ నమోదు దోషిని పట్టిస్తుంది, నిర్దోషిని కాపాడుతుంది. కాబట్టి తొలి ఖాతాను మార్చడమంటే పాస్‌వర్డ్‌ను మార్చడం మాత్రమే కాదు, పేరులేని అధికారం స్థానంలో పేరున్న బాధ్యతను నిలబెట్టడం.

తొందరపాటు తెచ్చే చేటు

ఇంత విన్న తరువాత, ‘అయితే ఆ ఖాతాను ఇప్పుడే తొలగిద్దాం’ అని ఉత్సాహపడటం సహజం. అయితే ఏమరుపాటు ఎంత ప్రమాదకరమో తొందరపాటూ అంతే. మహాభారతంలోని లక్క ఇంటి కథను స్మరించండి. ఆ ఇల్లు మృత్యుగృహమని పాండవులకు తెలుసు. తెలిసిన క్షణమే వారు దానికి నిప్పు పెట్టలేదు. విదురుడు పంపిన ఖనకుడు రహస్యంగా సొరంగం తవ్వేదాకా ఓపిక పట్టారు. బయటపడే దారి సిద్ధమైన తరువాతనే ఇంటికి నిప్పంటించి ఆ సొరంగం గుండా వెళ్ళిపోయారు. పాతదానిని వదలడానికి ముందు కొత్త దారి సిద్ధం కావాలన్న వివేకం ఆ కథలో ఉంది. కొత్త నిర్వాహక ఖాతా సరిగా పనిచేస్తుందో లేదో చూడకుండా పాతదానిని మూసివేసిన సంస్థ, తన కోట బయట తానే నిలబడి తలుపు తట్టుకోవలసి వస్తుంది.

జర్మనీకి చెందిన శాప్ సంస్థ వ్యాపార సాఫ్ట్‌వేర్ ఇందుకు చక్కని ఉదాహరణ. పెద్ద పరిశ్రమలు ఎన్నో దీనిని వాడుతున్నాయి. ఇందులో తొలి నిర్వాహక ఖాతా పేరు ‘శాప్’ అనే మాట పక్కన ఒక నక్షత్రపు గుర్తు. దానిని ‘శాప్‌స్టార్’ అని పలుకుతారు. పాత స్థాపనలలో దాని పాస్‌వర్డ్ 06071992. ఈ అంకెలు, ఆ సంస్థ ‘ఆర్ 3’ అనే ప్రసిద్ధ సాఫ్ట్‌వేర్‌ను విడుదల చేసిన 1992 జులై 6వ తేదీతో సరిగ్గా సరిపోతాయి. ఈ ఖాతా ప్రమాదకరమని భావించి ఎవరైనా దానిని డేటాబేస్ నుంచి తొలగించారనుకోండి. అప్పుడొక విచిత్రం జరుగుతుంది. శాప్‌స్టార్ సాఫ్ట్‌వేర్ లోపలి ప్రోగ్రాములోనే ఇమిడి ఉన్నందువల్ల, డేటాబేస్‌లో ఆ పేరు కనిపించకపోతే అది సర్వాధికారాలతో తిరిగి లేస్తుంది. అప్పుడు దాని పాస్‌వర్డ్ ‘పాస్’ అనే లోకవిదితమైన నాలుగక్షరాల ఆంగ్ల పదం. అలా పునర్జన్మ ఎత్తకుండా నిరోధించే అమరిక ఒకటి ఆ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. దాని విలువ 1గా ఉంటే శాప్‌స్టార్ తనంత తాను లేవదు. సున్నగా ఉంటే లేస్తుంది. ఈ మర్మం తెలియని నిర్వాహకుడు, తలుపు మూశానని భ్రమపడి దానిని బార్లా తెరిచినవాడవుతాడు. అందువల్ల అక్కడ సరైన పద్ధతి తొలగించడం కాదు. కొత్త నిర్వాహక ఖాతాను సృష్టించి, శాప్‌స్టార్ పేరును అలాగే ఉంచి, దాని పాస్‌వర్డ్‌ను మార్చి, అధికారాలన్నింటినీ తీసివేసి, దానిని స్తంభింపజేయాలి. పై అమరిక 1గా ఉన్నదని నిర్ధారించుకోవాలి.

పేరు మార్చితే చాలుననుకోవడమూ పొరపాటే. విండోస్‌లో సహజంగా ఉండే అడ్మినిస్ట్రేటర్ ఖాతాకు ఏ పేరు పెట్టినా, దాని అంతర్గత గుర్తింపు సంఖ్య ఎప్పుడూ 500తోనే ముగుస్తుంది. తెలిసినవారు పేరును కాక ఆ సంఖ్యను చూస్తారు. వేషం మార్చినంత మాత్రాన వేషధారి మారడు.

మార్పిడి క్రమం

సురక్షితమైన మార్పిడికి ఒక క్రమం ఉంది. ఏ సాఫ్ట్‌వేర్‌కైనా దాని సారాంశం ఒక్కటే.

మొదటిది, పరిశీలన. తొలి ఖాతాలు ఎన్ని ఉన్నాయో, వాటిని ఎవరెవరు వాడుతున్నారో జాబితా రాసుకోవాలి. మనుషులే కాదు, ప్రోగ్రాములు కూడా వాటిని వాడుతుంటాయి. రాత్రివేళ లెక్కల నకలు తీసే ప్రోగ్రాము, నెలాఖరున జీతాలు లెక్కగట్టే ప్రోగ్రాము నిర్వాహకుని పాస్‌వర్డ్‌ను తమలో దాచుకొని ఉండవచ్చు. వాటిని గుర్తించకుండా పాస్‌వర్డ్ మార్చితే అవి నిశ్శబ్దంగా ఆగిపోతాయి. ఆ సంగతి జీతాల నాటికిగాని బయటపడదు.

రెండవది, సన్నాహం. సమాచారమంతటికీ నకలు తీయాలి. ఆ నకలు నుంచి సమాచారం తిరిగి వస్తుందో లేదో పరీక్షించాలి. తయారీదారు సూచనలను పూర్తిగా చదవాలి. వీలైతే మొదట ప్రయోగాత్మక వ్యవస్థలో మార్పిడి చేసి చూడాలి. జీతాల రోజు, పన్నుల గడువు వంటి ఒత్తిడి దినాలను ఎంచుకోరాదు.

మూడవది, కొత్త ఖాతాలు. కనీసం ఇద్దరు బాధ్యులకు వారి వారి పేర్లతో వేరువేరుగా నిర్వాహక ఖాతాలు తెరవాలి. ఒకరు సెలవులో ఉన్నా రెండవవారు అందుబాటులో ఉంటారు. రోజువారీ పనులకు వారు తమ మామూలు ఖాతాలనే వాడాలి. పాస్‌వర్డ్‌తోపాటు ఫోనులో వచ్చే సంఖ్య వంటి రెండవ నిర్ధారణను కూడా జతచేయాలి.

నాలుగవది, పరీక్ష. పాత ఖాతాతో తెరిచిన కిటికీని మూయకుండా ఉంచి, వేరొక కంప్యూటర్ నుంచి కొత్త ఖాతాతో ప్రవేశించాలి. ప్రవేశం లభించడం ఒక్కటే చాలదు. కొత్త వ్యక్తికి ఖాతా తెరవడం, అధికారాలు మార్చడం, దినచర్య చూడడం వంటి పనులు నిజంగా చేసి చూడాలి. ఈ మెట్టు దాటనిదే తరువాతి మెట్టు మీద కాలు పెట్టరాదు.

అయిదవది, ప్రోగ్రాములకు విడి ఖాతాలు. పాత నిర్వాహక ఖాతాపై ఆధారపడిన ప్రతి ప్రోగ్రాముకూ, దాని పనికి సరిపడినంత అధికారం మాత్రమే గల ఖాతాను ఏర్పాటు చేయాలి. నకలు తీసే ప్రోగ్రాముకు జీతాలు మార్చే అధికారం అవసరం లేదు.

ఆరవది, పాత ఖాతా విరమణ. దాని పాస్‌వర్డ్‌ను మార్చి, అధికారాలను తగ్గించి, స్తంభింపజేయాలి. తొలగించడం క్షేమమని తయారీదారు స్పష్టంగా చెప్పినప్పుడే, అదీ కొంతకాలం గమనించిన తరువాతనే తొలగించాలి. చివరగా, పాత పాస్‌వర్డ్‌తో ప్రవేశించడానికి స్వయంగా ప్రయత్నించాలి. తలుపు తెరుచుకోకపోతేనే పని పూర్తయినట్లు.

ఏడవది, ఆపత్కాలపు ఏర్పాటు, నిఘా. అనుకోని అవాంతరానికి ఒక అత్యవసర ఖాతాను సిద్ధపరిచి, దాని పాస్‌వర్డ్‌ను లక్క ముద్ర వేసిన కవరులో ఇనుప బీరువాలో భద్రపరచాలి. దానిని ఎవరు, ఎప్పుడు, ఎందుకు తెరిచారో రాయాలి; వాడిన వెంటనే పాస్‌వర్డ్ మార్చాలి. పాత పేరుతో ఎవరైనా ప్రవేశించడానికి ప్రయత్నిస్తున్నారేమో దినచర్యలో గమనిస్తూ ఉండాలి. ఆ పేరుతో ఇక ఎవరికీ పని లేదు కనుక, అటువంటి ప్రయత్నం ఒక్కటి కనిపించినా అది హెచ్చరికే.

మంచి పాస్‌వర్డ్

కొత్త పాస్‌వర్డ్ బలహీనమైతే ఈ శ్రమంతా వృథా. పొడవే పాస్‌వర్డ్‌కు బలం. పదిహేను అక్షరాలకు తగ్గకుండా, ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు మాటలను కూర్చితే గుర్తుంచుకోవడం సులభం, ఊహించడం కష్టం. పుట్టినతేదీలు, పిల్లల పేర్లు, సంస్థ పేరు పనికిరావు. సాహిత్యాభిమానులు తమకు ప్రియమైన పద్యపాదాన్ని పాస్‌వర్డ్‌గా పెట్టుకోవాలని ముచ్చటపడవచ్చు. లోకమంతా కంఠస్థం చేసిన పద్యం హృదయానికి అలంకారమేగాని తాళానికి రక్షణ కాదు. ఒకచోట వాడిన పాస్‌వర్డ్‌ను మరొకచోట వాడరాదు. ఉద్యోగి సంస్థను విడిచి వెళ్ళిన రోజే అతని ఖాతాను మూసివేయాలి.

చట్టం, ధర్మం

ఈ బాధ్యతను ఇప్పుడు ప్రభుత్వాలు తయారీదారులపై కూడా ఉంచుతున్నాయి. అమెరికాలోని కాలిఫోర్నియాలో 2020 జనవరి 1 నుంచి, బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అమలులోకి వచ్చిన చట్టాలు, ఇంటర్నెట్‌కు కలిసే పరికరాలన్నింటికీ ఒకే పాస్‌వర్డ్ ఇచ్చే పద్ధతికి అడ్డుకట్ట వేశాయి. మన దేశంలో సెర్ట్-ఇన్ సంస్థ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, సైబర్ చొరబాట్లను గుర్తించిన 6 గంటలలో తెలియజేయాలి. కంప్యూటర్ల దినచర్యను 180 రోజులు భద్రపరచాలి.

విద్యార్థులు మరొక విషయం మరువరాదు. తొలి పాస్‌వర్డ్‌లు తెలిశాయి కదా అని ఇతరుల వ్యవస్థలలో వాటిని ప్రయత్నించడం వినోదం కాదు. మోసపూరితంగా అలా చొరబడటం సమాచార సాంకేతిక చట్టం ప్రకారం మూడేళ్ళ వరకు జైలుశిక్షకు, అయిదు లక్షల రూపాయల వరకు జరిమానాకు దారితీయగల నేరం. పొరుగింటి తలుపు తెరిచి ఉందని గమనించినవాడు ఇంటివారిని పిలిచి చెప్పాలి. లోపలికి వెళ్ళి చూడరాదు.

రేపు మీలో కొందరు బ్యాంకులలో, ఆసుపత్రులలో, కార్యాలయాలలో, సొంత దుకాణాలలో ఇటువంటి తాళపుచెవులను అందుకుంటారు. ఆ కంప్యూటర్‌లో కనిపించే ప్రతి అంకె వెనుక ఒక రైతు పంట, ఒక కూలీ వేతనం, ఒక రోగి ప్రాణం ఉంటాయి. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినందువల్ల ప్రయోజనం లేదు. కొత్త తాళాన్ని బిగించి, అది తెరుచుకొని మూసుకోవడం కళ్ళారా చూసి, ఆ తరువాతనే పాతదానిని పక్కన పెట్టండి. మీ చేతికి వచ్చిన తాళపుచెవిపై మీ పేరు ఉండనివ్వండి.